చదివిపెట్టకూడదు

సంఘంలో అతన్ని అందరూ సుద్దముక్క అనేవారు. చేసేది బస్సు డిపోలో మెకానిక్కు పనే అయినా, ఖాకీ చొక్కా జేబులో స్క్రూడ్రైవరు పక్కన ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. రిటైరయ్యాక జేబులోంచి సుద్ద పోయింది గాని పేరు పోలేదు. ఆ ఆదివారం పొద్దున సంఘం ఆఫీసులో కూర్చుని పన్నెండో పేజీని ఏడోసారి చదువుతున్నాడు.

సంఘం పుట్టి నలభై ఏళ్ళయిందని చరిత్ర పుస్తకం వేస్తున్నారు. ముప్పై నిండితే సభ్యత్వం పోవాలన్నది ఆ యువజన సంఘం మొదటి రోజే రాసుకున్న మాట. వయసు మళ్ళినవాళ్ళు కుర్చీలు పట్టుకుని వేలాడకూడదట. కాని చరిత్ర దగ్గరికొచ్చేసరికి పాతవాళ్ళ గడప తొక్కక తప్పలేదు. తాము పుట్టకముందు జరిగింది ఆ పిల్లలు ఎక్కణ్ణుంచి రాస్తారు? అలా మొదటి పన్నెండు పేజీలు సుద్దముక్క నెత్తిన పడ్డాయి.

పదకొండు పేజీలు హుషారుగానే రాశాడు. సైకిల్ షాపు వెనక గదిలో పదకొండు మంది కలిసి సంఘం పెట్టడం, పాత తలుపుకి నల్లరంగు పూసి బోర్డు చేసుకోవడం, స్పిన్నింగ్ మిల్లు కార్మికుల ఇళ్ళ మధ్య బడి తెరవడం, విద్యార్థుల బస్సు పాసుల కోసం డిపో గేటు ముందు మూడు రోజులు కూర్చోవడం, అన్నీ వచ్చాయి. సంఘం రెండుగా చీలిన కథ కూడా దాచలేదు. ఒక వర్గం కరపత్రాలు తీసే సైక్లోస్టైల్ మిషన్ పట్టుకుపోయింది, రెండో వర్గం దాని హ్యాండిలూ ఇంకు డబ్బాలూ పట్టుకుపోయింది. ఆరు నెలలపాటు ఇద్దరికీ కరపత్రం లేదు. చివరికి హ్యాండిల్ కోసమే కలిశారని గిట్టనివాళ్ళు అంటారు, అందులో కొంత నిజం లేకపోలేదు.

సంఘం బడికి ఉన్నది ఒక్కటే నియమం. ఎవరికీ ఏదీ చదివిపెట్టకూడదు. ఉత్తరం రానీ, నోటీసు రానీ, మందు సీసా మీది కాగితం కానీ, ఎవరిది వాళ్ళే చదువుకోవాలి. గంట పట్టినా, పూట పట్టినా నేర్పేవాడు నోరు మూసుకుని పక్కన కూర్చోవాలి. చదివిపెట్టేవాడు పక్కన ఉన్నన్నాళ్ళు చదువు రాదని ఆ నియమం పెట్టించింది సుద్దముక్కే.

పన్నెండో పేజీలో ఆ సుద్దముక్కే దాన్ని తప్పిన సంగతి ఉంది.

ముప్పై నాలుగేళ్ళ కిందట మిల్లులో పాత షెడ్డు మూసేశారు. అక్కడి పద్నాలుగు మందికీ కొత్త షెడ్డులో పని ఇస్తామని యాజమాన్యం కాగితాలిచ్చింది. పద్నాలుగు మందీ బడికి వచ్చేవాళ్ళే. సుద్దముక్క పదకొండింటికి ఇంకో గేటు దగ్గర మాట్లాడాలి, పదిన్నర అయిపోయింది. ఒక కాగితం తీసుకుని గడగడా చదివేసి, "బాగానే ఉంది, పెట్టెయ్యండి" అని సైకిలెక్కాడు. ఆ పద్నాలుగు మందీ జీవితంలో మొదటిసారి వేలిముద్ర కాకుండా సంతకం పెట్టారు. అది సంఘం గర్వంగా చెప్పుకునే రోజుల్లో ఒకటైంది. మూడు నెలల తర్వాత పద్నాలుగు మందినీ ఇంటికి పంపేశారు. కొత్త షెడ్డులో వాళ్ళది మొదట్నుంచీ తాత్కాలిక ఉద్యోగమేనని, ఎప్పుడైనా తీసెయ్యొచ్చని అదే కాగితం వెనకవైపు రాసి ఉంది.

వెనకవైపు ఉన్నది తర్వాత కలిపిన మోసమని అందరూ అన్నారు. సుద్దముక్క కూడా అన్నాడు. గేటు ముందు గొంతు పోయేలా అరిచాడు కూడా. తను కాగితం తిప్పనేలేదని ఎవరికీ చెప్పలేదు. ఆ పద్నాలుగు మందిలో అతని సొంత వదిన ఒకతె. ఇవాళ ఊళ్ళో మిగిలింది ఆవిడ ఒక్కతే.

"అన్నా, ఈ పేజీ సంగతేంటి?" అంది సెక్రటరీ. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే ఇరవై నాలుగేళ్ళ పిల్ల. సంఘంలో వయసుతో పనిలేదు, మగవాళ్ళందరూ అన్నలే, ఆడవాళ్ళందరూ అక్కలే. ఆ పిల్ల అతన్ని అన్నా అనడం, అతను ఆ పిల్లని అక్కా అనడం వింటే సుద్దముక్క భార్యకి నవ్వాగదు.

"అయిపోయిందక్కా. ఒక్కసారి చూసుకుంటున్నా."

"రేప్పొద్దున ప్రెస్సుకి ఇచ్చెయ్యాలి. పేజీలో ఉన్న మనిషి తనే చదువుకుని కింద సంతకం పెట్టాలి, లేకపోతే ఆ పేజీ తీసేస్తాం. రూలు మీకు నేను చెప్పాలా?"

"తీసేస్తే దాని బదులు ఏం పెడతావు?"

"పాత సావనీర్‌లోది ఉందిగా. పద్నాలుగు మంది సంతకం పెట్టిన రోజు అని. బాగుంటుంది కూడా."

బాగుంటుందనే అతని భయం. ఆ అబద్ధం ఇంకోసారి అచ్చయితే, ఇక దాన్ని దిద్దే రోజు తన బతుకులో రాదు. పేజీ మడిచి జేబులో పెట్టుకుని వదిన ఇంటికి బయల్దేరాడు.

అన్న ఇంట్లో లేడు, ఈ వయసులోనూ మానని వాచ్‌మన్ డ్యూటీకి వెళ్ళాడు. వదిన గుమ్మం దగ్గర వెలుతుర్లో స్టూలు వేసుకుని చొక్కాలకి కాజాలు కుడుతోంది. మిల్లు పని పోయిన నెలలో మొదలుపెట్టింది ఆ పని, ఇప్పటికీ మానలేదు. కుడిచేతి చూపుడువేలు కొస కాయకట్టి బిరుసెక్కింది. బడికి రావడం ఆవిడ అంతకు మూడు నెలల ముందే మానేసింది. తీరిక లేదంది, అందరూ నమ్మారు.

"ఏంటయ్యా, దారి తప్పావా?"

"లేదు వదినా. మీరు ఇది చదవాలి." జేబులోంచి పేజీ తీసి చాపాడు.

ఆవిడ సూది చొక్కా కాలరుకి గుచ్చి, కళ్ళజోడు తుడుచుకుని కాగితం అందుకుంది. బడి మానేసినా, మనవరాలి పుస్తకాల పక్కన కూర్చుని చదువు నిలబెట్టుకుంది. లైను కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతోంది. సుద్దముక్క కింద కూర్చున్నాడు. నాలుగో లైనులో ఒక పెద్ద మాట దగ్గర వేలు ఆగిపోయింది. అందించబోయి అతను నోరు తెరిచాడు.

"నోరు ముయ్యి," అంది వదిన తలెత్తకుండా.

మూశాడు. వీధిలో ఎవరో బకెట్లు కడుగుతున్నారు. ఒక పేజీకి అంతసేపు పడుతుందని అతను మర్చిపోయాడు. ఆవిడ ముఖం చూడడానికి ధైర్యం చాలక, కుట్టి పెట్టిన కాజాలు లెక్కపెట్టాడు. ఇవాళ ఈవిడ తనను గడపలోంచి గెంటేసినా చెల్లుతుందని అనుకున్నాడు.

వదిన చివరి లైను దాకా చదివి కళ్ళజోడు తీసింది.

"నువ్వు తిప్పలేదని నాకు తెలుసు. పక్కనే నించున్నానుగా."

సుద్దముక్క తలెత్తాడు. "మరి ఇన్నేళ్ళూ ఎందుకు అనలేదు వదినా?" అన్నాడు.

"అంటే మీ అన్న నీ మొహం చూస్తాడా? వెళ్ళి వెళ్ళి ఇంట్లోనే గొడవ పెట్టుకోనా?" కాగితం మోకాలి మీద సాపు చేసింది. "అయినా నువ్వు రాసింది తప్పు. తొందరలో వెనకవైపు చదవలేదని రాశావు. వెనకవైపు చదివితే సరిపోయేదా?"

"పని పోయేది కాదుగా."

"పనికేం, అప్పట్లో అందరికీ పోయింది. నువ్వు చదివిన కాగితం ఎవరిదో గుర్తుందా?"

అతనికి గుర్తులేదు. ఎంత తల గోక్కున్నా గుర్తు రాలేదు.

"నాది," అంది వదిన. "నేను చదువుతున్నాను. మూడో లైనులో ఉన్నాను. ఎనిమిది నెలలు నేర్చుకుంటే అదే మొదటిసారి, నాకోసం వచ్చిన కాగితం నేను చదవడం. చేతిలోంచి లాక్కున్నావు. అందరూ చూస్తుండగా." ఆవిడ గొంతు పెరగలేదు. "నీ బడికి తీరికలేక మానేశాననుకున్నావా?"

ముప్పై నాలుగేళ్ళు తను మోసిన తప్పు అసలు తప్పు కాదని సుద్దముక్కకి అప్పుడు తెలిసింది. అసలుది ఆవిడ దగ్గరే ఉండిపోయింది. క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లలేదు.

"రాయమంటారా?"

"రాయక?"

స్టూలు మీద కాగితం పెట్టి, ఆ వాక్యం కొట్టేసి, పైన ఖాళీలో రాశాడు. ఆమె తన కాగితం తనే చదువుకుంటూ మూడో లైనులో ఉండగా, నేను ఆమె చేతిలోంచి లాక్కుని చదివిపెట్టాను. రాసి, అలవాటుకొద్దీ చదివి వినిపించబోయి, ఆగి, కాగితం ఆవిడ చేతికిచ్చాడు.

వదిన మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టింది. మూడో లైను దగ్గర ఏమీ ఆగలేదు. పెద్ద మాట దగ్గర ఆగింది, కూడబలుక్కుంది, దాటింది. అతను ఈసారి పెదవి కదపలేదు. చివరి దాకా వచ్చాక సంతకానికి పెన్ను అందించాడు.

ఆవిడ పెన్ను అందుకోలేదు. కాగితాన్ని తిప్పింది. వెనకవైపు ఏమీ లేదు. అయినా పైనుంచి కింది దాకా తీరిగ్గా చూసింది. చూశాక చెయ్యి చాపింది.