కంచాలు లేని బల్ల

నేను ఒక చెక్క బల్లను. కాళ్ళు లేవు. తలుపంత వెడల్పు, మేపుల్ చెక్క, చుట్టూ వేలెడు అంచు. చూసినవాళ్ళు రొట్టెల పిండి పిసికే పీట అనుకుంటారు. అనుకోనివ్వండి, నాకేం పోయింది!

నన్ను చేసినవాడు బెరార్దో. ఇటలీలో ఒక కొండ ఊరు వదిలి, ఓడెక్కి, అమెరికాలో బొగ్గు గనిలో పడ్డాడు. వారమంతా భూమి కింద మసి మింగి, ఆదివారాలు నన్ను చిత్రిక పట్టాడు. ఎందుకంటే, "కంచాల్లో పెడితే అది సంకటే కాదు" అని అతని భార్య ఒర్సోలా భీష్మించుకుని కూర్చుంది. వాళ్ళ ఊరి పద్ధతి అది మరి. మొక్కజొన్న సంకటిని పొగలు కక్కుతుండగా బల్ల మీదే కుమ్మరించి, చాపలా పరిచి, పైన టమాటా పులుసు పోసి, నట్టనడుమ మాంసం ముక్కలు పెడతారు. చుట్టూ కూర్చున్నవాళ్ళు ఎవరి అంచు నుంచి వాళ్ళు తింటూ నడుమకి దారి చేసుకోవాలి. ముందు చేరినవాళ్ళదే మాంసం. పిల్లలు నోళ్ళు కాల్చుకునేవాళ్ళు. బెరార్దో మాత్రం నత్తలా తినేవాడు. తిండి కూడా చేతకాదని తోటివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. తండ్రి ఎందుకు నెమ్మదిగా తింటాడో మనుషులకి తట్టకపోవడం నాకు ఇప్పటికీ వింతే.

గని సమ్మె నాటి చలికాలంలో మాంసం లేదు. ఒర్సోలా ఒక ఉల్లిపాయ కాల్చి నడుమ పెట్టింది. దానికోసమూ అదే పోటీ! ఆ రోజులు తలుచుకుంటే నాకు కడుపు నిండినట్టుంటుంది.

తర్వాత గనులు మూతపడ్డాయి, జనం చెదిరిపోయారు. నేను బెరార్దో కూతురు అసూంత దగ్గర మిగిలాను. ఎనభై దాటాక చిన్న ఇంట్లోకి మారుతూ ఆమె నన్ను ఆ గని ఊళ్ళో కొత్తగా పెడుతున్న మ్యూజియానికి ఇచ్చింది. పాత రైలు స్టేషన్లో రెండు గదులు, ఇటలీ నుంచి వచ్చినవాళ్ళ గుర్తులన్నీ అందులోనే. దాన్ని చూసుకునే ఎడిత్ మంచి మనిషి. మంచివాళ్ళతోనే చిక్కు!

"పురుగు పట్టకుండా వార్నిష్ కొట్టి గోడకి బిగిస్తాం మామ్మగారూ. నూరేళ్ళు ఉంటుంది," అంది.

వార్నిష్ పడితే నా మీద మళ్ళీ ముద్ద పెట్టడానికి వీల్లేదు.

"ఉండి ఏం చేస్తుంది, వేలాడుతుందా?" అసూంత గయ్యిమంది. "ఎవరూ తినని బల్ల ఉంటే ఎంత, పోతే ఎంత! ముందొకసారి దీని మీద నలుగురినీ తిననివ్వు. ఆపైన నీ ఇష్టం."

ఎడిత్ మెత్తబడింది. మ్యూజియం తెరిచిన రోజు అసూంత తెడ్డు పట్టింది. వచ్చినవాళ్ళంతా గని కూలీల మనవలు. రాగానే చేసిన పనేమిటి? పేపరు ప్లేట్లు అడిగారు! ఒకాయన అయితే సంకటిని కేకులా ముక్కలు కోయబోయాడు.

"ఓరి నీ దుంప తెగ!" అసూంత గరిటెతో అతని చేతి మీద ఒక్కటిచ్చింది. "కత్తి అవతల పెట్టు. నీ ముందున్నది తింటూ రా."

కాసేపటికి మోచేతులు తగిలాయి. నా దారిలోకి నువ్వొచ్చావంటే నువ్వొచ్చావని దెబ్బలాట మొదలైంది. అబ్బ, ఎన్నాళ్ళకి! నేను ఉప్పొంగిపోయాను. ఎడిత్ మాత్రం దూరంగానే నిలబడింది. మ్యూజియం వస్తువు మీద తినడానికి ఆవిడకి మనసొప్పలేదు. వార్నిష్ సంగతి వచ్చే ఏడు చూద్దామంది.

ఆ చలికాలంలోనే అసూంత పోయింది.

మరుసటి ఏడు అదే రోజున ఎడిత్ తానే సంకటి కలిపింది. ఉండలు కట్టింది. అయినా అందరూ చుట్టూ చేరారు గానీ నిరుడు అసూంత కూర్చున్న కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. తింటూ తింటూ నడుమ దాకా వచ్చి ఆగిపోయారు. ఆమె వైపు సంకటి అలాగే చల్లారిపోతోంది. మాంసం ఎవరూ ముట్టలేదు. నాకు దుఃఖం ఆగలేదు, చెక్కనైతే మాత్రం!

ఎడిత్ వచ్చి ఆ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పారేస్తే ఆవిడ ఊరుకుంటుందా?" అంటూ ముక్కు తుడుచుకుని, చెంచా అందుకుంది.

చల్లారిన సంకటి గొంతు దిగదు. అయినా ఆ వైపంతా తినుకుంటూ వచ్చి, మాంసం అందరికీ తలా ఒక ముక్క పంచింది. నాకని తెచ్చిన వార్నిష్‌ని ఆ వారమే స్టేషన్ కిటికీలకి కొట్టించేసింది. నన్ను మాత్రం వేడినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టింది.