రెండో లైను

రెండు దారులుంటే ఒకటి మూసుకుపోయినా ప్రయాణం ఆగదని లోకుల నమ్మకం. ఆసుపత్రి కొత్త వార్డుకు నెట్‌వర్కు గీసిన ఇంజనీరుకైతే అది నమ్మకం కాదు, ఊపిరి. జేబులో రెండు కలాలు, సంచిలో రెండు కళ్లజోళ్లు లేనిదే గడప దాటడు. అతన్నందరూ డబుల్ అని పిలిచేవారు.

"అన్నీ రెండేసి పెట్టుకుంటావు, పెళ్లి మాత్రం ఒక్కటితో సరిపెట్టావేం మరిదీ?" అంది వదిన. ఆమె అక్కడ హెడ్ నర్సు.

"ఆవిడొక్కతే ఇద్దరి పెట్టు వదినా."

కొత్త వార్డు పాత భవనానికి రెండు వీధుల అవతల ఉంది. అక్కడి రోగుల గుండె తీరు పాత భవనంలో వదిన ముందున్న తెర మీద కనబడాలి. అందుకోసం అతను రెండు వేర్వేరు కంపెనీల లైన్లు తీసుకున్నాడు. ఒకటి పాత భవనం తూర్పు గోడలోంచి, మరొకటి పడమటి గోడలోంచి లోపలికి వచ్చాయి. మర్నాడు ఆ వార్డుకు తరలించబోయే మొదటి రోగి అతని తండ్రి.

పరీక్ష కోసం అన్నయ్య ఒంటికి తీగలు అంటించి కొత్త వార్డు మంచం మీద పడుకోబెట్టారు. తెర మీద ఆయన గుండె పచ్చగీతగా కదులుతోంది. పాత భవనంలో వదిన పక్కనే ఉన్న డబుల్ మొదటి లైను ప్లగ్గు పీకాడు. గీత తొణకలేదు.

"చూశావా?" అన్నాడు, ప్లగ్గు మళ్లీ పెడుతూ.

"పీకింది నువ్వు. వీధిలో గునపం దిగితే నీకు చెప్పి దిగుతుందా? తీగ వీధిలో తెగితే ఏమవుతుందో చూపించు. మామయ్యగారిని ఆ తర్వాతే పంపుతా."

అతను నవ్వి మొదటి కంపెనీకి ఫోన్ చేశాడు. వాళ్లు వీధి మలుపులోని తమ పెట్టెలో తీగ విడదీశారు.

తెర నల్లబడింది.

అతని చెయ్యి తనంతట తానే రెండో ప్లగ్గు దగ్గరికి వెళ్లింది. అది బిగువుగానే ఉంది. రెండు లైన్ల దీపాలూ ఆరిపోయి ఉన్నాయి.

వదిన సెల్‌ఫోన్‌లో భర్తను పిలిచింది. "ఏమండీ, బాగానే ఉన్నారా?"

"కునుకు పట్టింది. అయిపోయిందా?"

డబుల్ రెండో కంపెనీకి ఫోన్ చేశాడు.

"ఆ రెండు వీధుల్లో మాకు సొంత తీగ లేదండీ," అన్నాడు అవతలి మనిషి. "మొదటి కంపెనీ తీగలోనే వాటా తీసుకున్నాం."

"మీరిచ్చిన మ్యాపులో వేరే రంగు గీత ఉందే?"

"మా గీతకి మా రంగే వేసుకుంటాం కదండీ."

రెండు కంపెనీలు కావాలని అడిగాడు, రెండు గోడలు కావాలని అడిగాడు. ఆ గోడలు దాటాక తీగలు ఎటు పోతాయో ఎవరినీ అడగలేదు. వదిన వైపు చూడలేక తెర వైపే చూస్తూ నిలబడ్డాడు. అందులో అతని ముఖమే కనబడుతోంది.

"మామయ్యగారి మంచం కదపొద్దని చెప్పనా?" అంది వదిన, మెల్లగా.

అతను తలూపాడు.

మర్నాడు కొత్త వార్డు తెరవలేదు. తండ్రి పాత వార్డులోనే, కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు.