ఆగండి అనేలోపు

పళ్ళ డాక్టరు ఆ కారు కొన్నాక ఆయన్ని నిలువెత్తు మనిషిగా చూసినవాళ్ళు వీధిలో తక్కువ. కారులో ఉన్నంతసేపూ ఆయన తల దారిన పోయేవాళ్ళ నడుముల దగ్గరే ఉండేది. ఎవరైనా పలకరించాలంటే వాళ్ళు వంగాలి, లేదంటే ఆయన వాళ్ళ బెల్టులతో మాట్లాడుకోవాలి. ఇక అందులో ఎక్కడం, దిగడం తలకిందుల వ్యవహారం. ఎక్కాలంటే కిందికి దిగాలి, దిగాలంటే పైకి ఎక్కాలి.

ఎర్రటి కారు. రెండే సీట్లు. కుర్రతనంలో ఆ కారు బొమ్మని గోడకి అంటించుకుని నిద్రపోయినవాడు, జుట్టు నెరిశాక అసలుదాన్నే ఇంటికి తెచ్చుకున్నాడు. ఆశకి అంతుండదు గానీ, ఆ కారుకీ నేలకీ మధ్య సందుకి అంతుంది. బొద్దింక సుఖంగా దూరుతుంది, ఎలుక కాస్త ఆలోచించుకోవాలి. డాక్టరు తల్లి, అంటే ఆ ఇంటి పెద్దావిడ, వరండా కుర్చీలోంచి లేవకుండానే ఒక్క చూపు చూసి, "అంత పోసి ఇంత నేలబారు బండి కొన్నావేమిట్రా," అంది. ఆ పేరే ఖాయమైపోయింది.

కారు అన్నాక రోడ్డెక్కాలి కదా, ఆ పేట రోడ్ల సంగతి దేవుడికెరుక. అక్కడ స్పీడ్ బ్రేకర్లు వేసినవాడికి కోపం వేగం మీద కాదు, మనుషుల మీద. పెద్ద పెద్ద వ్యానులే వాటి మీద మూలుగుతూ వెళ్ళేవి. ఈ కారుకి ముందు బంపరు కింద సన్నటి నల్లటి అంచు ఒకటుంది. మెకానిక్కులు దాన్ని లిప్పు అంటారు. డాక్టరు పెదవి అనేవాడు, అలవాటైన మాట మరి. ఆ పెదవి నేలకి రాసుకుని గర్రుమన్నప్పుడల్లా ఆ చప్పుడు ఆయనకి చెవుల్లో కాదు, పళ్ళల్లో వినిపించేది.

అందుకని భార్య దిగి దారి చూపించాల్సి వచ్చేది. ఆవిడ ఆడపిల్లల బళ్ళో భూగోళం చెప్పే టీచరమ్మ. క్లాసులో ఆవిడ ఒక్కసారి కళ్ళెత్తితే వెనక బెంచీ దాకా నిశ్శబ్దం. ఇంటికొస్తే మాత్రం నోట్లో నాలుక లేని మనిషని అత్తవైపు వాళ్ళంతా మెచ్చుకునేవారు. ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ తెరిపించి చూసే మొగుడు ఈ ఒక్క నోరు తెరిపించి చూసిన పాపాన పోలేదు.

పాపం, తప్పంతా ఆయనదీ కాదు. ఎదుటివాడి నోట్లో పనిముట్లు పెట్టి, "పిల్లలెంతమంది?" అని అడిగి, "ఇద్దరయ్యుంటార్లే," అని జవాబు కూడా తనే చెప్పుకునే వృత్తి. జవాబు వినే అలవాటు ఆయనకి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంట్లోనూ అదే వరస. ఆవిడ "ఏవండీ" అని మొదలుపెడితే చాలు, మిగతా వాక్యం ఆయన పూర్తిచేసేవాడు.

మొదటి పెద్ద దెబ్బ ఆయన క్లినిక్ ముందున్న ఏటవాలు దగ్గర తగిలింది. ఆవిడ పైన నిలబడి చెయ్యి ఊపుతోంది. "రండి... రండి... ఇంకొంచెం రండి... ఆగం..."

గర్రుమంది.

"...డి," అని ఆవిడ మాట పూర్తిచేసింది.

డాక్టరు ఎలాగో బయటపడి రోడ్డు మీద బోర్లా పడుకుని కారు కింద చూశాడు. పెదవి చీలి వేలాడుతోంది. లేచి, మోకాళ్ళు కూడా దులుపుకోకుండా, "ఆగు అని ఉంటే అక్కడే ఆగేవాణ్ణి," అన్నాడు. "నీ అండి వినేలోపు పెదవి పోయింది."

"మర్యాద కదండి."

"మర్యాదకి వెల కట్టలేం అంటారు. మెకానిక్కు కడతాడు చూస్తూండు."

కట్టాడు. కొత్త పెదవి బిగిస్తూ, "మీదీ నాదీ ఒకే పని డాక్టరుగారూ. మీరు పన్ను కడతారు, నేను పెదవి కడతాను," అన్నాడు కూడాను. "పన్ను బండి కొన్నప్పుడే కట్టించుకున్నారయ్యా," అన్నాడు డాక్టరు నీరసంగా.

ఆ రోజే మొగుడూ పెళ్ళాల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఆవిడ కారు ముందు నిలబడ్డంతసేపూ అండి ఉండదు. ఆగు అంటే ఆగు, రా అంటే రా. లోపలికొచ్చి కూర్చున్నాక అంతా మామూలే.

"అత్తయ్య వింటే?" అంది ఆవిడ భయంగా.

"అందులో మూడో సీటెక్కడుంది? అమ్మకి స్పీడ్ బ్రేకర్ దగ్గరేం పని?" అన్నాడాయన.

చెప్పడం తేలికే. ఇన్నేళ్ళ అండి ఒక్కపూటలో ఊడిపోతుందా? మొదటిరోజు మొగుణ్ణి చూడలేక కుడిచక్రాన్ని చూస్తూ "ఆగు" అంది. చక్రం ఆగింది. మర్నాడు "రా" అంది. చక్రం వచ్చింది. మెల్లిమెల్లిగా ఆవిడ చూపు చక్రం మీంచి బానెట్ మీదికి, బానెట్ మీంచి అద్దం వెనకున్న మొహం మీదికి పాకింది.

ఆ తర్వాత ఆ పేటవాళ్ళు విన్నదే విన్నది. "రా, రా. ఏం తొందర? ఎడమకి తిప్పు. నీ ఎడమ కాదు, నా ఎడమ. ఆగమన్నప్పుడు ఆగాలి." మందుల షాపతను బేరం వదిలేసి గుమ్మంలోకి వచ్చేవాడు. టీవీ రిమోటు ఇమ్మంటే వినిపించుకోని మనిషి, ఆవిడ చూపుడువేలు ఎటు కదిలితే అటు కదులుతున్నాడు. ఆవిడకి ఆనందంగా ఉండేది. దాపరికం దేనికి, చాలా ఆనందంగా ఉండేది. ఏ దారిన పోదామని ఆయన అడిగితే, కొంచెం చుట్టయినా సరే, స్పీడ్ బ్రేకర్లు ఎక్కువున్న దారే చెప్పేది.

అలా ఉండగా స్కూలు సెక్రటరీ ఆవిణ్ణి పిలిచాడు. ఊరవతల కొత్తగా ఆడపిల్లల బడి కట్టారు, హెడ్మిస్ట్రెస్‌గా వెళ్తారా అని. "సోమవారం చెప్పండమ్మా. ఈసారి కూడా కాదంటే ఇంక మిమ్మల్ని అడగం," అన్నాడు.

ఈసారి కూడా అని ఆయన ఊరికే అనలేదు. లోగడ ఇలాగే అడిగినప్పుడు, డాక్టరే ఫోను తీసి, "మనకెందుకండీ ఆ తలనొప్పి," అని చెప్పేశాడు. ఆ మనలో తనెక్కడుందో ఆవిడ చాలాకాలం వెతుక్కుంది, దొరకలేదు. ఆవిడకి ఆ బడి కావాలి. ఇంకా సున్నం వాసన పోని గదులు, ఒక్క గీతా పడని నల్లబల్లలు ఒకసారి వెళ్ళి చూసొచ్చింది. అప్పట్నుంచీ నిద్ర సరిగ్గా లేదు.

ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. "ఏవండీ, సెక్రటరీగారు ఇవాళ పిలిచి..."

"చందానా? ఇచ్చేద్దాం."

మర్నాడు మళ్ళీ. "ఏవండీ, కొత్త బడి కట్టారు కదా, అక్కడికి..."

"ప్రారంభోత్సవమా? నువ్వెళ్ళిరా, నాకు పేషంట్లున్నారు."

శనివారం రాత్రి భోజనాల దగ్గర ఎలాగైనా చెప్పేయాలనుకుంది. మాట పెదవి చివరిదాకా వచ్చింది కూడా. అంతలో డాక్టరు పళ్ళెంలోకి ఉప్పు డబ్బా వంచుతున్నాడు. బీపీ మనిషి.

"ఆగు," అంది ఆవిడ.

డాక్టరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. బల్లకింద ఆయన కుడికాలు, అక్కడ లేని బ్రేకుని కసుక్కున తొక్కింది. పెద్దావిడ నమలడం ఆపింది.

"ఎవర్నమ్మా?" అంది.

"పిల్లిని అత్తయ్యా."

"మనింట్లో పిల్లెక్కడిది?"

"వెళ్ళిపోయిందండి."

"అనగానే వెళ్ళిపోయిందా," అంది పెద్దావిడ కొడుకు మొహంలోకి తేరిపార చూస్తూ. "మంచి పిల్లి."

డాక్టరుకి మిగతా అన్నం సయించలేదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర మాట భోజనాల బల్ల దాకా వచ్చింది, ఇంకెక్కడిదాకా పోతుందో. పొద్దున్నే కారు మెకానిక్కు దగ్గరికి తోలుకుపోయాడు. మధ్యాహ్నానికి వెలిగిపోతున్న మొహంతో తిరిగొచ్చాడు.

"మీట పెట్టించాను. నొక్కితే చాలు, కారు ముక్కు దానంతటదే పైకి లేస్తుంది. ఇంక నువ్వు ఎండలో దిగి నిలబడక్కర్లేదు," అన్నాడు. పాపం, ప్రేమగానే అన్నాడు.

"మంచిదండి," అంది ఆవిడ. ఏడుపొచ్చినంత పనయింది.

సాయంత్రం ఇద్దరూ మీట పరీక్షించడానికి బయల్దేరారు. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర డాక్టరు మీట నొక్కాడు. ముక్కు జుయ్యిమంటూ లేచింది, కారు అలవోకగా దాటింది. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏవండీ, రేపు నేను బళ్ళో ఒక మాట చెప్పాలి."

"సెలవా? పెట్టేయ్. చూశావా ఎంత మెత్తగా దాటిందో."

రెండోది కూడా దాటింది. ఇక మిగిలింది బస్టాండు ముందున్న స్పీడ్ బ్రేకర్ గడ్డ ఒక్కటే, పేట మొత్తానికి పెద్దది. అది దాటితే ఇల్లు. ఇంట్లో అత్తగారు. తెల్లారితే సోమవారం. గడ్డ దగ్గర కారు ఆగింది, డాక్టరు వేలు మీట మీదికి పోతోంది.

"నేను దిగుతాను," అంది ఆవిడ.

"దేనికి? మీటుందిగా."

ఆవిడ అప్పటికే తలుపు తీసింది. ఆ కారులోంచి దర్జాగా దిగడం ఎవరివల్లా కాదు. ఒక చెయ్యి రోడ్డు మీద ఆనించి, ఒక మోకాలు మోపి, ఎలాగో లేచి, బట్టలు దులుపుకుని, గడ్డెక్కి కారుకెదురుగా నిలబడింది. అరచెయ్యి ఎత్తింది.

"ఆగు."

"ఆగే ఉన్నానుగా," అన్నాడు డాక్టరు కిటికీలోంచి తల బయటికి పెట్టి.

"ఇంజను కూడా ఆపు."

ఆపాడు. ఎందుకాపాడో ఆయనకీ తెలీదు.

"కొత్త బడికి హెడ్మిస్ట్రెస్‌గా రమ్మన్నారు. వస్తానని రేపు చెప్తున్నాను."

"రోడ్డు మీదేమిటిది, ఇంటికెళ్ళి మాట్లాడు..."

"ఇంట్లో నువ్వు వినవు. ఇక్కడ వింటావు."

వెనక బస్సొకటి వచ్చి ఆగి హారన్ కొట్టింది. ఆయన ఒక్క నవ్వు నవ్వితే, ఊరుకోవే అని ఒక్క మాటంటే, తను వెళ్ళి మళ్ళీ ఆ గుంటలాంటి సీట్లో కూలబడుతుందని ఆవిడకి తెలుసు. అందుకే ఆగకుండా చెప్పింది. "పొద్దున నువ్వు లేవకముందే బస్సెక్కాలి. నీ కాఫీ నువ్వే పెట్టుకోవాలి. అత్తయ్యకి కూడా."

"మనకెందుకే ఆ..."

"మనకి కాదు. నాకు."

డాక్టరు తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. వెనక్కి వాలిన సీటు, తెరిచిన నోరు, పైన నిలబడి మాట్లాడుతున్న మనిషి. తన కుర్చీలో పేషంట్లకి ఎలా ఉంటుందో ఆయనకి మొదటిసారి తెలిసొచ్చింది.

కండక్టరు దిగొచ్చాడు. "ఏమ్మా, బండి చెడిందా?"

"లేదు బాబూ. మాట్లాడుకుంటున్నాం," అంది ఆవిడ చెయ్యి దించకుండా.

డాక్టరు ఆ చేతినీ, దాని వెనకున్న మొహాన్నీ చూశాడు. ఆ మొహంలో భయం ఉంది, ఆయన దాన్ని ఇన్నేళ్ళూ మర్యాద అనుకున్నాడు.

"నీకంత ఇష్టమా?" అని అడిగాడు. అడిగి, జవాబు తను చెప్పుకోకుండా నోరు మూసుకుని కూర్చున్నాడు.

ఆ ఖాళీ ఆవిడకి కొత్త. దాన్ని ఎలా వాడుకోవాలో ఒక్క క్షణం తెలీలేదు.

"ఇష్టం," అంది. "నన్నడక్కుండా నువ్వు వద్దని చెప్పినప్పుడు కూడా ఇష్టమే."

బస్సులోవాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. డాక్టరు నుదురు తుడుచుకున్నాడు, స్టీరింగు పట్టుకున్నాడు, వదిలాడు. మీట వైపు చూశాడు గానీ నొక్కలేదు.

"సరే, వెళ్ళు. కాఫీ నేనే పెడతాను," అన్నాడు. తర్వాత, బస్సు హారన్ల మధ్య, బడిపిల్లాడిలా తలెత్తి అడిగాడు. "ఇప్పుడు నేను రావచ్చాండి?"

ఆ అండి ఎవరి నోట్లోంచి ఎవరికి వచ్చిందో ఇద్దరికీ కాస్త ఆలస్యంగా అర్థమైంది. డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి, కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఆవిడ ఎత్తిన చెయ్యి దించి, గడ్డ మీంచి ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"రా," అంది. "మెల్లిగా రా."