మారుపేరు మీద కూత

సుధాకర్ గారి వ్యాను పదింటికి వస్తుందన్నారు. నేను ఏడింటికే వచ్చి గ్రౌండులో కూర్చున్నాను. కూర్చున్నానని పేరే గానీ, ముళ్ల మీద ఉన్నట్టే ఉంది. ఆయన కరీంనగర్‌లో ‘చంద్రవ్వ కారం’ కంపెనీ యజమాని. బెల్లంపల్లిలో నేను నేర్పే ఆడపిల్లల కబడ్డీ జట్టును రెండేళ్లు చూసుకుంటానని మాటిచ్చాడు. డ్రస్సులు, బూట్లు, రానుపోను ఖర్చులు, అన్నిటికంటే ముందు, ఆటకు నేల మీద పరిచే మెత్తటి మ్యాటు ఒకటి. ఆ మ్యాటు ఇవాళ వ్యానులోనే వస్తోంది.

మ్యాటంటే మీకేం తెలుసు? మా పిల్లలు కంకర తేలిన నేల మీద పడి లేస్తారు. మోకాళ్ల మీద తోలు నిలవదు. మగపిల్లల క్రికెట్‌కు కప్పులిచ్చేవాళ్లు ఈ ఊళ్లో గల్లీకొకడు. మావాళ్ల కోసం ఎన్ని దుకాణాల మెట్లెక్కానో! "ఆడపిల్లలు సారూ, రేపు పెండ్లయితే ఆట బందు. మా పైసలు గంగల కలిసినట్టే గదా" అన్నాడొకడు. వాడి నోట్లో మన్ను పడ! వాడి దుకాణంలో కొనేవాళ్లంతా ఆడవాళ్లే.

ఇన్నాళ్లకు ఒక్కడు వస్తున్నాడు. వస్తున్నది రేవతి కోసం. ముగ్గురు మీద పడి పట్టుకున్నా, కూత తెగకుండా గీత దాకా ఈడ్చుకొచ్చిన రేవతి వీడియో అందరి ఫోనుల్లోనూ తిరిగింది. ఆ పిల్ల ఫొటో, పేరు కారం ప్యాకెట్టు మీద వేస్తాడట.

నా పరేషాను ఏమిటంటే, ఆ పిల్ల రేవతి కాదు. భూమిక.

పోయినేడాది జిల్లా పోటీలకు ముందు రోజు రేవతి కాలు మడతపడింది. పేర్ల జాబితా అప్పటికే జిల్లా కబడ్డీ సంఘానికి వెళ్లిపోయింది. "రేవతి పేరు మీద నువ్వు దిగు బిడ్డా, ఏం గాదు" అని భూమికతో నేనే అన్నాను. వేరే ఊరి కోచైతే ఆ పని చేసేవాడో లేదో. బొగ్గుబాయి మీద బతికినవాళ్లకు మారుపేరంటే తప్పుగానే తోచదు. నేను బాయి దిగిందే మల్లేశం అనే ఆయన పేరు మీద. ఆయన రెండు నెలలకే భయపడి ఊరికి పారిపోతే, ఆ కొలువులో నేను దూరాను. ముప్పై ఒక్క ఏళ్లు హాజరు పిలిచినప్పుడల్లా మల్లేశమంటే పలికాను. అంకయ్య అనే నా పేరు మా ఇంటిది తిట్టేటప్పుడు మాత్రమే వినపడేది. చివరికి నా కొడుకు సాయిచంద్‌కు వారసత్వంగా రావలసిన బాయి ఉద్యోగం, తండ్రి పేరు కలవక రాకుండా పోయింది. అంత దెబ్బ తిన్నవాణ్ని, అదే పని ఈ పిల్లతో చేయించాను. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

ఒక్క పోటీతో ఆగిందా? గెలిచింది గదా, పై పోటీకీ అదే పేరు. రేవతి పెళ్లయి మందమర్రి వెళ్లిపోయింది. ఆమె పేరు మాత్రం ఇక్కడే ఆడుతోంది.

ఎనిమిదింటికి భూమిక వచ్చి నా ముందు నిలబడింది.

"సార్, ప్యాకెట్ మీద గూడ రేవతి అనే ఏస్తరా?"

"జర ఓపిక పట్టు బిడ్డా. మ్యాటు దిగనీ. తర్వాత ఎట్లనో సదురుకుందాం."

"మా అవ్వ గా ప్యాకెట్ కొని ఎవలకు చూపెట్టాలె సార్? గీమె నా బిడ్డ అంటే, పేరు సదివినోళ్లు నవ్వరా?"

నాకు కోపం వచ్చింది. తప్పు చేసినవాడికి కోపం తొందరగా వస్తుంది. "మిగిలిన పదకొండు మంది మోకాళ్లు సూసి మాట్లాడు!" అని అరిచాను. పిల్ల కళ్లు తుడుచుకుంటూ గీతలు వేయడానికి సున్నం తెచ్చుకుంది.

వ్యాను పదింబావుకు వచ్చింది. సుధాకర్, వీడియో తీసే తన్వీర్, వాళ్లతో పాటు డెబ్బై దాటిన చంద్రవ్వ దిగారు. కారం డబ్బా మీది పేరు ఆమెదే, సుధాకర్ తల్లి. ఆమెకు కుర్చీ వేశాం. పిల్లలు వ్యాను చుట్టూ మూగారు. మ్యాటు పచ్చటి చుట్టలుగా ఉంది. జట్టులో అందరికంటే చిన్నది హుస్నా, ఒక చుట్టకు చెంప ఆనించి చూసింది.

"ధర్మం చేస్తలేను సారూ" అన్నాడు సుధాకర్. "కారం కొనేది ఆడోళ్లు. ఏ డబ్బా తేవాల్నో చెప్పేది ఆడోళ్లు. గోడల మీద బొమ్మలేమో మొగ ఆటగాళ్లయి! గీ పిల్లల ఆట సూసేటోళ్లు మస్తుమంది ఉన్నరు, చూపెట్టేటోడే లేడు. ముందుగాల నేను చూపెడితే నా డబ్బానే యాదికుంటది. మా యాపారంల పేరే పెట్టుబడి."

పేరే పెట్టుబడి! ఆ పేరే ఇక్కడ అబద్ధం.

తన్వీర్ కెమెరా పెట్టాడు. "బేటీ, నీ పేరు చెప్పి, ఆట గురించి రెండు మాటలు చెప్పు."

భూమిక ఊపిరి బిగబట్టింది. నా వైపు చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా తల వంచుకున్నాను.

"నా పేరు... రేవతి" అంది.

ఆ గొంతు నాకు తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లు హాజరు పలికిన గొంతు అది.

"ఇంకోసారి, జర గట్టిగ" అన్నాడు తన్వీర్.

"వద్దు! ఆపుండ్రి!" అని అరిచాను. "గా పిల్ల పేరు భూమిక. మారుపేరు పెట్టింది నేను." మొత్తం చెప్పేశాను.

సుధాకర్ ముఖం నల్లబడింది. "ప్యాకెట్లు అచ్చయినంక బయటవడితే నా గతేంది సారూ? దొంగపేరు కంపెనీ అనరా నన్ను?" అని డ్రైవరుకు సైగ చేశాడు. హుస్నా చుట్ట దగ్గర్నుంచి పక్కకు జరిగింది. పిల్లల ముఖాలు చూసే ధైర్యం నాకు లేకపోయింది.

"ఆగు కొడుకా" అంది చంద్రవ్వ కుర్చీలోంచే. "ఆట ఆడింది ఎవలు?"

"గీ పిల్లనే అవ్వా" అన్నాడు సుధాకర్.

"మరి కారం అసలుదే గదరా! పైన చీటి తప్పు పడ్డది. చీటి మార్చు."

సుధాకర్ చెయ్యెత్తి డ్రైవరును ఆపి, "జరిగిందంత సంఘానికి రాసియ్యిండ్రి. వాళ్లు ఎన్ని నెలలు ఆపుతరో ఆపనీ. గా కాగితం సూసినంకనే మ్యాటు ముచ్చట" అన్నాడు.

నేను భూమిక వైపు చూశాను. "ఏడాది ఆపుతరేమో బిడ్డా."

"ఆపనీ సార్. ఏడాది నేర్చుకుంట. తర్వాత నా పేరుతోని ఆడుత."

మోకాలి మీద కాగితం పెట్టుకుని అంతా రాశాను. పిల్లది తప్పు లేదు, శిక్ష నాకు వేయండి అని రాశాను. కింద సంతకం పెట్టి ఇచ్చాను. సుధాకర్ చదువుకుంటూ చివరికొచ్చి ఆగాడు.

"సారూ, గీ మల్లేశం ఎవలు?"

ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే ఆ సంతకం పెట్టేసింది. ఇక ఈ మనిషి నమ్మడు, అయిపోయింది అనుకున్నాను.

భూమిక నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. మల్లేశాన్ని అడ్డంగా కొట్టేసి, పెన్ను మళ్లీ నాకే ఇచ్చింది. "మీ పేరు రాయుండ్రి సార్."

అంకయ్య అని రాశాను. ఒకటో తరగతి పిల్లవాడి రాతలా వంకరటింకరగా వచ్చింది. దాని కింద ఆమె ‘సాక్షి: భూమిక’ అని రాసింది. ఆటకు సంబంధించిన కాగితం మీద ఆ పిల్ల పేరు పడటం అదే మొదలు.

చంద్రవ్వ కుర్చీలోంచి లేచి వెళ్లి, వ్యాను తలుపు మీద తట్టింది.

"దించుండ్రి" అంది.