ఆఖరి శనివారం నూనె

మూత బిగించిందో లేదో, సంచిలో నూనె ఒలికితే కొత్త చీర గతి అంతే, నువ్వుల నూనె మరక ఒక పట్టాన పోదు, అయినా ఈ రోజుతో సరి, ఏడున్నరేళ్ల శని ఇవాళ్టితో వదులుతుందని జాతకాలు చూసే మహారాజ్ తన కాగితం చివర ఎర్ర సిరాతో గీత గీసి మరీ చూపించాడు కదా, అనుకుంటూ ప్రేమలత చంద్రపూర్ శని గుడి వరుసలో ఒక అడుగు ముందుకు జరిగింది, మోకాళ్లు పట్టుకుని వెనకే తల్లి మల్లవ్వ కూడా జరిగింది, ఈ ముసలిది పొద్దున బస్సులో ఆ మాట అనకపోయినా బాగుండేది, లేదు, అన్నదే మంచిదైంది, బస్సు వర్ధా వంతెన ఎక్కగానే నీకు శని పట్టిందని గా మహారాజ్‌కు ఎట్లెరుకే అని అడిగింది, పుట్టిన తారీఖు చూసి చెప్పిండవ్వా, జూన్ ఒకటి, బొగ్గుబాయి కార్డుల గూడ గదే ఉంది అంటే, ముందు సీటువాళ్లు తిరిగి చూసేలా నవ్వింది, జూన్ ఏందే, గది బడిల గురూజీ రాసుకున్న తారీఖు, మీ తరగతి పిల్లలందరికీ గదే రాసిండు, నువ్వు పత్తి ఏరంగ పుట్టినవ్, చలికి నిన్ను గోనెసంచిల చుట్టుకున్న, తారీఖు నాకేమెరుక బిడ్డా.

పుట్టిన తేదీ తప్పైతే రాశి తప్పు, రాశి తప్పైతే ఆ శని తనది కాదు, మరి మొగుడు నాగేష్ కామెర్లతో చనిపోయిన నెలలోనే నీ సాడేసాతీ, అదే ఏలినాటి శని, మొదలైందని మహారాజ్ అన్నాడు, ఆయన అన్నది అంతే, మిగతాది ప్రేమలతే అనుకుంది, నా శనే నా మొగుణ్ణి మింగిందని, అత్త అనలేదు, ఆడబిడ్డ అనలేదు, ఎవరూ అనని మాటను పొద్దున లేవగానే తనకు తానే అనుకుంది, ఫోటోకు దండ వేస్తూ నాగేష్ కళ్లలోకి ఒక్కనాడూ చూడలేదు, మంచి మనిషి, సాస్తి గని నుంచి బొగ్గు మొహంతోనే వచ్చి తెల్లగా నవ్వేవాడు, దవాఖానకు పోదాం పా అంటే గీ కామెర్లకు ఆకు పసరు చాలే అన్నాడు, అది కదా జరిగింది, పసరు తాగుతూ పది రోజులు పోగొట్టాడు, అందులో శని ఎక్కడున్నాడు, తానెక్కడుంది.

చలా, పుఢే చలా, ముందుకు నడవమంటూ వెనక నుంచి ఎవరో తొందరపెడుతున్నారు, ప్రేమలతకు మాత్రం తొందరేమీ లేదు, వంతెన దాటినప్పటి నుంచి ఒళ్లు తేలికగా ఉంది, శని కఠినమైన గురువు, వంగితేనే వదులుతాడన్నాడు మహారాజ్, ఆ భయంతోనే కదా నాగేష్ బదులు గనిలో తనకిచ్చిన ఉద్యోగంలో ఒక్క మొదటి షిఫ్టుకూ ఆలస్యం కాలేదు, పక్కన మగవాళ్లు నవ్వుతుంటే నీళ్లు తోడే పంపు విప్పి బిగించడం నేర్చుకుంది, కూతురు హేమలతను కాలేజీలో చేర్చింది, అన్నీ శనే మెడలు వంచి చేయించాడనుకుంది, మరి ఆయన అసలు రానే లేదంటే, అలారం మోగకముందే లేచిందెవరు, ఏడుస్తూనే టిఫిన్ డబ్బా కట్టుకుని బస్సెక్కిందెవరు.

వరుస తరిగి నల్లరాయి ఎదురుగా వచ్చింది, పోయాలా వద్దా, పాపం శని, తప్పు చేయకుండానే ఇన్నేళ్లు మాట పడ్డాడు, ఊరికే పోవడం మర్యాద కాదు, సగం పోసి మూత బిగించింది, గదేందే, సగం మిగిల్చినవ్ అంది మల్లవ్వ, నీ మోకాళ్లకు రాస్తనవ్వా, నావి గూడ గుంజుతున్నయ్ అంది, ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్లు దిగుతుంటే ఎండ హాయిగా తగిలింది, ఇంటికి పోగానే ఫోటో తుడవాలి, ఈసారి కళ్లలోకి సూటిగా చూడాలి, పసరు తాగింది నువ్వు, లేచి నిలబడ్డది నేను, మన మధ్యల శని ఎవ్వడూ లేడయ్యా అని చెప్పాలి.