బొరుగుల బట్టీకి మూడో పేరు

ఎమ్మిగనూరు సంతపేట సందులో హుసేనమ్మ తుమ్మితే ఆదోని కొండ మీద కోతులు కిందికి దిగి చూసేవని చెప్పుకునేవాళ్ళు. మధ్యలో అన్ని మైళ్ళ దూరం ఉంది కదా అని అనుమానం అడిగినవాళ్ళకు, కోతులకు చెవులు సూక్ష్మమని జవాబు.

తుమ్ము సంగతి ఏమోగానీ ఆమె చెయ్యి మాత్రం అబద్ధం కాదు. కోడుమూరు సంతలో మీదికి వచ్చిన ఎద్దును చెంప మీద ఒక్కటి పీకితే, ఆ ఎద్దు ఆ ఏడంతా చీర కట్టిన మనిషి కనపడితే చాలు తల దించుకుని పక్కకు జరిగేదట. ఆ చెయ్యి అంతగా గట్టిపడింది బొరుగుల బట్టీ దగ్గర.

బట్టీ అంటే పెద్ద వైభవమేమీ కాదు. రేకుల చూరు కింద మట్టిపొయ్యి, దాని మీద బండిచక్రమంత ఇనప మూకుడు, మూకుడులో తుంగభద్ర ఇసుక. ఉప్పునీళ్ళు పట్టించి ఆరబెట్టిన బియ్యాన్ని ఎర్రగా కాగిన ఆ ఇసుకలో పోసి గరిటెతో తిప్పితే, రెప్ప వేసి తెరిచేలోగా దూదిపింజల్లా విచ్చుకునేవి. జల్లెడ పడితే ఇసుక కిందికి, బొరుగులు పైకి. ఆ ఇసుక హుసేనమ్మ అత్త కాపురానికి వచ్చినప్పుడు కొంగున మూటగట్టి తెచ్చిందట. అప్పటినుంచి మార్చింది లేదు. నడుము పట్టినా, కీలు జారినా, ఊరంతా ఆ వేడి ఇసుకనే గుడ్డలో మూట కట్టించి కాపడం పెట్టించుకునేది. ఆ కాపడానికి లేవని మనిషిని ఇక మోయాల్సిందే అన్నది సందులో సామెత.

హుసేనమ్మ దూదేకుల మనిషి. పేరుకు సాయిబులు, మాటకు తెలుగువాళ్ళు. పీర్ల ముందు ఎగిరేదీ వాళ్ళే, ఉరుకుంద ఈరన్నకు టెంకాయ కొట్టేదీ వాళ్ళే. ఆమె రోజూ పొద్దున పొయ్యి వెలిగించి, మూకుడు అంచుకు ఇంత కుంకుమ అద్ది, "బిస్మిల్లా! ఈరన్నా!" అని సందు అదిరేట్టు కేకేసి, మొదటి గుప్పెడు బొరుగులు మంటలో వేసేది. ఆ రెండు పేర్లూ పడితేనే బొరుగు పొంగుతుందని ఆమె నమ్మకం. మొగుడు దస్తగిరి పోయిన మరునాడు నోరు పెగలక ఊరికే బియ్యం పోస్తే, సాయంత్రం దాకా వేయించినా గులకరాళ్ళలాగే ఉండిపోయాయట. వాటిని ఉండేలుకు వాడుకుంటే పిట్టలు బాగా పడ్డాయట.

పొయ్యికి పొట్టు ఎగదోసేవాడు పుల్లన్న. బోయ మనిషి. గరిటె కాడకు పంచె కట్టినట్టు ఉండేవాడు. రాత్రి ఆ శెనక్కాయ పొట్టు కుప్ప మీదనే కాళ్ళు ముడుచుకుని పడుకునేవాడు. హుసేనమ్మను అక్కా అనేవాడు. ఆమె తిట్టని పూట అన్నం తినేవాడు కాదు, అక్కకు ఒంట్లో బాగలేదేమోనని దిగులుపడి.

రెండో ప్రపంచ యుద్ధం ఆగిన ఏడు శ్రావణమూ రంజానూ ఒక్కటిగా వచ్చాయి. ఉరుకుంద తిరణాలకు బస్తాలకు బస్తాలు బొరుగులు పోవాలి. పొద్దుగూకితే ఉపవాసం విడిచే ఇళ్ళకూ పోవాలి. పొయ్యి ఆరడానికి లేదు, కేక అణగడానికీ లేదు. ఆ కేకే కొంప ముంచింది.

మొదట వచ్చినవాడు ఇంద్రసేనయ్య. ఆదోనిలో పత్తి మండీ, ఎమ్మిగనూరులో ధాన్యం కొట్టు ఉన్న శెట్టి. సందులోకి ముందు ఆయన పొట్ట వచ్చేది, తర్వాత ఆయన, ఆ తర్వాత గొడుగు పట్టినవాడు.

"ఏమమ్మే హుసేనమ్మా, తురక మంత్రం సదివి ఏంచిన బొరుగులు ఈరన్నసామి గుడికి పోతాండాయంట. అందులోనూ నీళ్ళు తగిలిన బియ్యం. అంటే నువ్వు వండిన కూడే గదా?"

"మీ నాయన కాలం నుంచి తింటాండారు గదా సెట్టీ. ఇప్పుడు గొంతుకు అడ్డం పడిందా?"

"నోరు తగ్గించు. గుడికి పోయే బొరుగుల మీద ఆ బిస్మిల్లా ఇనపడకూడదు. ఇనపడిందో, నీ బట్టీ ఉండదు."

పొట్ట ముందు తిరిగింది, తర్వాత ఆయన తిరిగాడు.

ఆ మధ్యాహ్నమే ఖాదర్ మియా వచ్చాడు. తోళ్ళ వ్యాపారి. ఎంత అత్తరు పూసుకున్నా ఆయన కంటే ముందు తోళ్ళే వచ్చి పలకరించేవి.

"తౌబా తౌబా! రోజా విడిచే బొరుగుల మీద ఈరన్న పేరా? మూకుడికి కుంకుమా? ముసల్మానువా, ఎవరు నువ్వు?"

"బొరుగులామెను సాహెబూ."

"హరాం కూడు మా ఇళ్ళకు పంపితే ఊరుకునేది లేదు. కుంకుమ తుడువు, ఆ పేరు మానుకో. లేకుంటే బట్టీ పగలగొట్టిస్తా."

"పొద్దున సెట్టి కూడా అదే సెప్పిపోయినాడు. ఇద్దరూ మాట్లాడుకుని ఒకటే రోజు పెట్టుకోండప్పా. నాకు రెండుసార్లు ఊడ్సుకునే పని తప్పుతాది."

సందంతా పడీ పడీ నవ్వింది. నవ్వనివాడు పుల్లన్న ఒక్కడే.

"అక్కా, లోపల అనుకోరాదా? పైకి అనకపోతే ఏం పోతాది? సామికి ఇనపడదా?"

"సామికి ఇనపడతాదిరా. బియ్యానికి ఇనపడొద్దా?"

"బియ్యానికి సెవులు యాడివక్కా?"

"నీకున్నాయి గదా, పొట్టు దొయ్యమంటే ఇనపడతాండాదా?"

పుల్లన్న వంగి పొట్టు దోశాడు. మరునాటి కేక ముందటికంటే గట్టిగా పడింది. నోరు మూసుకుని బతకడమే అయితే ఈ బట్టీ ఎందుకు, ఏ గుడి ముందో ఏ మసీదు ముందో గుడ్డ పరుచుకుని కూర్చోవచ్చు కదా అని ఆమె పట్టుదల.

ఇంద్రసేనయ్యకు బుధవారం సాయంత్రానికి బట్టీ పగలగొట్టే పని కావాలి. గురువారం తెల్లారితే బస్తాలు బండెక్కి ఉరుకుందకు పోతాయి. ఖాదర్ మియాకూ ఆ సాయంత్రమే కావాల్సి వచ్చింది. బుధవారం రోజా విడిచే వేళకు ఒక్క పళ్ళెంలోనూ ఆ బొరుగు కనపడదని పదిమందిలో ఒట్టేసి ఉన్నాడు. ఒకరి సంగతి ఒకరికి తెలీదు. హుసేనమ్మ వేళాకోళానికి అన్న మాటను ఆ పైవాడో, ఈ పైవాడో చెవిన వేసుకున్నాడు.

పొద్దు వాలుతుండగా సందు తూర్పు కొన నుంచి శెట్టి మనుషులు దిగారు. వాళ్ళకు ముందు నాగప్ప. కైరుప్పల వాడు. ఉగాది మరునాడు పిడకలు విసురుకుని తలలు పగలగొట్టుకుని, విభూది అద్దుకుని, భుజాల మీద చేతులేసుకుని ఇళ్ళకు పోయే ఊరు అది. తల పగలగొట్టడం వాడికి పండగ పని. పడమటి కొన నుంచి ఖాదర్ మియా మనుషులు దిగారు, తోళ్ళు గీకే కత్తులతో. సందు చూస్తే ఎదురెదురు బండ్లు తప్పుకోలేనంత ఇరుకు. నడిమధ్యన బట్టీ.

గుంపును చూసి గుంపు నిలబడిపోయింది.

బట్టీకి తురకలు కాపలా వచ్చారని వీళ్ళనుకున్నారు. హిందువులు కాపలా వచ్చారని వాళ్ళనుకున్నారు. మేము పగలగొట్టడానికి వచ్చినామప్పా అని ఒక్కడు నోరు తెరిచి ఉంటే, మేమూ అందుకే అని ఎదుటివాళ్ళు దారి ఇచ్చి ఉండేవాళ్ళు. కర్ర చేతికొచ్చాక మగవాడు నోరెందుకు తెరుస్తాడు, పళ్ళు రాల్చుకోవడానికి తప్ప?

"దూదేకుల దానికి దండు దిగిందిరోయ్!" అని నాగప్ప అరిచాడు.

"మారో!" అని అటునుంచి వినపడింది.

నాగప్ప కర్ర మొదటివాడి దవడకు తగిలి శెనక్కాయ చిట్లినట్టు చప్పుడైంది. రాలిన పళ్ళు ఆరబెట్టిన బియ్యంలో పడ్డాయి. తోలు గీకే కత్తి ఒకడి తలపాగాను చీల్చుకుంటూ పోయి, తలపాగానూ చెవినీ కలిపి కాలువలో వేసింది. వాడు వంగి తలపాగా వెతుక్కున్నాడుగానీ చెవి సంగతి తర్వాత తెలిసింది. వేళ్ళు తెగినవాడు తెగిన చేత్తోనే కొట్టాడు. గోడలు నిలువెత్తున తడిశాయి. వెనక నిలబడి ఉసిగొలుపుతున్న ఇంద్రసేనయ్య తోపులాటకు బోర్లాపడితే ఆయన మనుషులే నడుము మీదుగా నడిచిపోయారు, అందరికంటే ముందు గొడుగువాడు. ఖాదర్ మియా మోకాలి మీద ఎవరి కర్రో విరిగింది. కర్రతోపాటు మోకాలూ విరిగింది.

హుసేనమ్మ మూకుడు ముందు నిలబడి గరిటె ఝళిపించింది. తూర్పు నుంచి వచ్చినవాడికి తూర్పున, పడమటి నుంచి వచ్చినవాడికి పడమట వాత పెట్టింది. ఆ గరిటె ఎవరి బొట్టూ చూడలేదు, ఎవరి టోపీ చూడలేదు.

అంతలో ఆమె వెనక నుంచి ఒకడు గడ్డపార ఎత్తాడు, మూకుడు పగలగొట్టడానికి. ఆమె చూడలేదు. పుల్లన్న చూశాడు.

"అక్కా, ఇసక!" అని రెండు చేతులూ చాచి మూకుడుకు అడ్డం వచ్చాడు.

గడ్డపార వాడి తల మీద దిగింది. చప్పుడు పెద్దగా రాలేదు. పుల్లన్న మూకుడు అంచు పట్టుకుని జారి, పొట్టు కుప్ప మీద ఒరిగి, రోజూ పడుకునేట్టే కాళ్ళు ముడుచుకున్నాడు. తలలోంచి కారింది ఇసుకలో పడి చుయ్యిమంది. ఆ గడ్డపార తూర్పుదో పడమటిదో ఈనాటికీ తేలలేదు.

కేకలకు పుట్టినిల్లయిన హుసేనమ్మ కేక వెయ్యలేదు. అదే భయంకరంగా ఉండిందని చూసినవాళ్ళు చెప్పేవాళ్ళు. గోనెసంచులు చేతులకు చుట్టుకుంది. నలుగురు మగవాళ్ళు కలిసినా కదలని మూకుడును పొయ్యి మీద నుంచి లేపి, నడుముకు ఆనించుకుని, గిర్రున తిరిగింది. నిప్పులాంటి ఇసుక అటూ ఇటూ వానలా పడింది.

ముఖాలు కాలాయి, వీపులు కాలాయి. నాగప్ప ఎడమకన్ను ఉడికిపోయింది. వాడు చేతులతో ముఖం పట్టుకుంటే తోలు చేతులకు వచ్చింది. విభూదితో మానే దెబ్బ కాదది. మాంసం కమురు వాసనకు కుక్కలు కూడా దగ్గరికి రాలేదు. పడినవాణ్ణి తొక్కుకుంటూ లేచినవాడు, లేచినవాణ్ణి పడదోస్తూ వెనకవాడు, ఎవరు ఎటునుంచి వచ్చారో మరిచి పరుగెత్తారు. మసీదులో బాంగు వినపడింది. రోజా విడవాల్సిన నోళ్ళలో ఇసుకే ఉంది.

పెద్దమనుషులు కూర్చుని, పుల్లన్నను ఎద్దులు బెదిరి తొక్కాయని తేల్చారు. ఎద్దులు గడ్డపార ఎట్లా పట్టుకున్నాయని ఎవరూ అడగలేదు.

గురువారం ఉరుకుందకు పోవలసిన బస్తాలు బండెక్కలేదు. హుసేనమ్మ అన్నింటి మూతులూ విప్పింది. పుల్లన్న పాడె ముందు నడుస్తూ బట్టీ నుంచి శ్మశానం దాకా బొరుగులు చల్లింది. శవం ముందు గుప్పెళ్ళతో చల్లడం ఊరికి తెలుసు, బస్తాలతో చల్లడం ఎవరూ చూసి ఎరగరు. దారంతా తెల్లబడింది. ఆ బొరుగు గుడికీ పోలేదు, రోజా పళ్ళేనికీ పోలేదు. కాకులు మాత్రం తిని తిని ఎగరలేక కౌతాళం దాకా నడిచిపోయాయంటారు.

తిరిగి వచ్చి సందంతా ఊడ్చి ఇసుక పోగు చేసి జల్లెడ పట్టింది. పళ్ళు తేలాయి, ఒక తాయెత్తు తేలింది, ఒక రుద్రాక్ష తేలింది. పళ్ళ మీద ఏ మతమో రాసి లేదు. అన్నీ పొయ్యిలో వేసింది.

"నెత్తురిసక గదమ్మా, ఏటిలో కడుక్కొస్తే పోతాది," అన్నారు ఇరుగుపొరుగు.

"కడిగితే వాడు పోతాడు," అంది.

మరునాడు పొద్దున పొయ్యి వెలిగించి, కుంకుమ అద్ది, "బిస్మిల్లా! ఈరన్నా!" అని ఆగింది. "పుల్లన్నా!" అని కేకేసింది. ఆనాటి బొరుగులు ఒక్కొక్కటి బొటనవేలంత లావున పొంగాయట.

మనిషికి రోషం ఉంటుందిగానీ ఎముకకు ఉండదు. కొన్నాళ్ళకు ఇంద్రసేనయ్యను ఆయన భార్య అలివేలమ్మ బండిలో వేసుకుని బట్టీ ముందర దించింది. ఏ వైద్యుడి పట్టీలూ ఆ నడుమును లేపలేకపోయాయి. అదే పూట ఖాదర్ మియా మంచమూ వచ్చింది. ఎవరికి ముందు కాపడం పెట్టాలని మళ్ళీ కొట్లాట లేవబోయి, లేచే శక్తి ఇద్దరికీ లేక ఆగింది. హుసేనమ్మ ఇద్దరినీ ఒకే చాప మీద పడుకోబెట్టి, కాగిన ఇసుక రెండు మూటలు కట్టింది.

"బట్టీకి మూడు పేర్లుండాయి. సెప్పితేనే ఈ ఇసక పని సేస్తాది. ఊ, కానీండి."

ఖాదర్ మియా "బిస్మిల్లా" అని ఠకీమని అన్నాడు. రెండో పేరు దగ్గర గడ్డం గోక్కున్నాడు. మూట మోకాలికి బెత్తెడు దూరంలో ఆగింది. ఆ సెగకు "ఈ... ఈరన్నా" అని వచ్చింది. ఇంద్రసేనయ్య ఈరన్నను గడగడా పిలిచాడుగానీ, బిస్మిల్లా దగ్గర కళ్ళు తేలేశాడు.

"అనండి, బండెద్దులు ఎండలో ఉండాయి," అని అలివేలమ్మ విసుక్కుంది. "ఆ యమ్మ బొరుగులు పెండ్లినాడు కూడా తినింటిరి గదా!"

అన్నాడు. నోట్లో ఆముదం పోసినట్టు ముఖం పెట్టుకుని అన్నాడు.

"మూడోది?" అంది హుసేనమ్మ.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కర్రలు లేకుండా చూసుకోవడం అదే మొదలు.

"పుల్లన్న," అంది.

"పుల్లన్నా?" అన్నాడు ఇంద్రసేనయ్య. "ఆ పేరు ఎప్పుడూ ఇనలేదే. ఏ ఊరి సామి, అమ్మే?"

"యాడుంది ఆ దర్గా?" అన్నాడు ఖాదర్ మియా.

హుసేనమ్మ పొట్టు కుప్ప వైపు చూసింది. అక్కడ కాళ్ళు ముడుచుకున్నంత మేర ఇంకా గుంట పడి ఉంది. తర్వాత మూటల ముళ్ళు నెమ్మదిగా విప్పి, గుడ్డలు పక్కన పెట్టి, కాలే ఇసుకను వట్టిగా ఒకరి నడుము మీద, ఒకరి మోకాలి మీద కుమ్మరించింది.

ఆ తర్వాత ఇద్దరూ చాలాకాలం బతికారు. ఆ పేరు మాత్రం మరిచిపోలేదు. ఒకరికి నడుము మీద, ఒకరికి మోకాలి మీద, చూసుకున్నప్పుడల్లా కనపడేది.