తొట్టెలో పసుపు వెలుగు

చేపల తొట్టెలో మొక్కలు పాలిపోతుంటే కోడలికి బల్బు అమ్మినవాడి మీదే అనుమానం వచ్చింది. మొక్కలకు మంచిదని పగటి వెలుగులాంటి తెల్ల బల్బు అడిగి మరీ తెచ్చుకుంటే, ఇప్పుడది పసుప్పచ్చగా వెలుగుతోంది. దాన్ని విప్పి తీసుకెళ్లి దుకాణదారుణ్ణి నిలదీసింది.

"ఇది మా బల్బు కాదమ్మా. ఇంట్లోవాళ్లనే అడగండి," అన్నాడతను.

దాంతో అనుమానం ఆడపడుచు మీదికి మళ్లింది. చేపలంటే ఆమెకు మొదట్నుంచీ గిట్టదు. గట్టిగా అడిగేద్దామని ఇంటికి వచ్చేసరికి అత్తగారి గదిలో కుట్టుమిషను మీద తెల్లటి వెలుగు పడుతోంది.

"నల్లగుడ్డ మీద నల్లదారం కంటికి ఆనడం లేదే. చేపలకి ఏ దీపమైతేనేం అని మార్చేశా," అందావిడ తలెత్తకుండా.

ఆ బల్బును కోడలు అక్కడే ఉండనిచ్చింది. మళ్లీ ఆ దుకాణానికి వెళ్లడానికి మొహం చెల్లక, పక్కవీధిలో ఇంకో తెల్ల బల్బు కొనుక్కుంది.